బ్యాటరీ అంటగట్టని ఎలక్ట్రీషియన్: విజయవాడ ఆటోనగర్‌లో ఒక పాత షాపు

పాత డీజిల్ బండి ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. మొన్నీమధ్య కొన్న బండ్లవాళ్లకి ఈ షాపుతో పెద్దగా పనిలేదు, ఎందుకో కింద చెప్తాను.

నాది 2003 మోడల్ టయోటా క్వాలిస్. గుడివాడలో పెళ్లిళ్లకి వీడియోలు, ఫోటోలు తీసే పని మాది. లైట్లు, స్టాండ్లు, డ్రోన్ పెట్టె, కేబుల్ చుట్టలు, నలుగురు కుర్రాళ్లు, అందరం ఈ బండిలోనే పడతాం. క్వాలిస్ 2000లో మార్కెట్లోకి వచ్చింది, ఐదేళ్లు తిరక్కుండానే ఇన్నోవా కోసం కంపెనీ దీన్ని ఆపేసింది. కంపెనీ ఆపేసింది కానీ కృష్ణా జిల్లా ఆపలేదు. పదిహేనేళ్లు నిండగానే ఫిట్‌నెస్ చేయించి ఆర్సీ రెన్యువల్ చేయించుకున్నాను, గ్రీన్ ట్యాక్స్ కట్టాను. అమ్మేయమని ఇంట్లో పోరు ఉంది, ఉండనీండి.

మన ముహూర్తాల సంగతి తెలిసిందే. శుభలేఖ మీద తెల్లవారుజామున 3 గంటల 42 నిమిషాలకు అని ఉంటే మేం రెండింటికే మండపంలో ఉండాలి. జీలకర్ర బెల్లం రెండోసారి పెట్టించలేం కదా. అలాంటి టైములో తాళం తిప్పితే సెల్ఫ్, అంటే ఇంజనుని తిప్పి స్టార్ట్ చేసే మోటారు, టకటకా తిరగాల్సింది పోయి, ఒక్కో చుట్టుకీ మూలుగుతూ తిరగడం మొదలుపెట్టింది. డ్యాష్‌బోర్డు లైట్లు వెలవెలబోయేవి. ఇంజను చివరికి అందుకునేది కానీ అందుకునేలోపు నా ప్రాణం గొంతులోకి వచ్చేది. విచిత్రం ఏమిటంటే, చల్లటి ఇంజనుతో ఒక్కటే కాదు, అరవై డెబ్భై కిలోమీటర్లు తోలి టీకి ఆపి మళ్లీ కొట్టినా అంతే. ఒక్కోసారి అప్పుడే ఇంకా నీరసంగా తిరిగేది.

మా ఊళ్లో బ్యాటరీ షాపులో చూపిస్తే, సెల్ఫ్ శబ్దం విని మీటరైనా పెట్టకుండా "బ్యాటరీ పోయింది, కొత్తది వేసుకోండి, పాతది ఎక్స్ఛేంజ్ తీసేసి ఏడున్నర వేలు" అన్నారు. ఆ బ్యాటరీకి ఇంకా వారంటీ ఉంది. వారంటీ కార్డు చూపిస్తే మాట మారింది, "అయితే సెల్ఫ్ మోటార్ అయ్యుంటది" అన్నారు. సరే అని తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్తే, ఆయన సెల్ఫ్ మోటార్ మొత్తం మార్చాలి, రీకండిషన్‌ది ఆరు వేలకి తెప్పిస్తానన్నాడు. అక్కడా మీటరు బయటికి రాలేదు. శబ్దం విని చెప్పేశాడు. నేను లైట్లతో, వైర్లతో బతికేవాణ్ని. కొలవకుండా చెప్పిన కరెంటు మాట నాకు ఎక్కదు. ఒక లారీ ఓనరు "ఆటోనగర్‌లో ఒక బాబాయ్ ఉన్నాడు, ఆయన చూడకుండా మోటార్ విప్పించకు" అన్నాడు. అందుకే వెళ్లాను.

షాపుకి పేరు ఉందేమో కానీ బోర్డు మీద రంగు పోయి ఒక్క అక్షరం కూడా చదవలేం. గుడివాడ వైపు నుంచి వచ్చేవాళ్లు కంకిపాడు, పోరంకి, కానూరు దాటి బందరు రోడ్డు మీదే వస్తే ఆటోనగర్ వచ్చేస్తుంది. లోపల లారీ బాడీలు కట్టే షెడ్లు, లేత్‌లు, కమాను కట్టలు సాగదీసేవాళ్లు, వాటి మధ్యలో ఒక రేకుల షెడ్డు. ముందు ఒక పాత సెల్ఫ్ మోటార్ల గుట్ట, పక్కనే ఆ మోటార్ల లోపల తిరిగే ఆర్మేచర్లు దారానికి గుచ్చి వేలాడదీసి ఉంటాయి. అరవై దాటిన మనిషి, చేతికింద ఇద్దరు కుర్రాళ్లు. అందరూ బాబాయ్ అంటారు కాబట్టి నేనూ అదే అన్నాను. ఆయన అందర్నీ అబ్బాయ్ అంటాడు, నాకు యాభై దగ్గరపడుతున్నా సరే.

ముందు అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. "నిదానంగా తిరుగుతోందా, బాగానే తిరిగి అందుకోవట్లేదా?" ఈ రెండూ వేరువేరు జబ్బులు. సెల్ఫ్ చురుగ్గా తిరిగి కూడా ఇంజను అందుకోకపోతే హీటర్ ప్లగ్గులో, డీజిల్ లైనులో గాలో, పంపో చూసుకోవాలి. తిరగడమే నీరసంగా ఉంటే గొడవ కరెంటుది, మోటారుది, లేదా ఇంజను బిగుతుది. క్వాలిస్ ఇంజను లోపలి గాలిని నొక్కే లెక్క, అంటే కంప్రెషన్ రేషియో, 22 పైనే. దాన్ని తిప్పడం చిన్న పెట్రోల్ కారుని తిప్పినంత తేలిక కాదు. ఒక వోల్టు తగ్గినా శబ్దంలో తెలిసిపోతుంది.

రెండో ప్రశ్నకి మాత్రం ఆశ్చర్యపోయాను. "ఈమధ్య యాక్సిలరేటర్ బిగుసుకుపోతోందా?"

నిజంగానే బిగుసుకుంది. కేబుల్‌కి నూనె వేయించాను కూడా. సెల్ఫ్‌కీ దానికీ సంబంధం ఏమిటని అడిగితే, "చూద్దాం ఆగు" అన్నాడు తప్ప చెప్పలేదు. మూడో ప్రశ్న, "ఈమధ్య ఇంజను దగ్గర ఏం పని చేయించావ్?" క్లచ్ ప్లేటు మార్పించాను, గేర్‌బాక్స్ దించారు అని చెప్పాను. తలూపి కుర్రాణ్ని పిలిచాడు.

ఇక పరీక్షలు. దీని గురించే ఎక్కువ రాయాలి, ఎందుకంటే నేను డబ్బులిచ్చింది దీనికే.

ముందు బ్యాటరీ. రాత్రంతా ఆపి ఉంచిన బండి కాదు కాబట్టి కాసేపు హెడ్‌లైట్లు వేయించి, బండి నడిచినప్పుడు పైపైన నిలిచిన ఛార్జ్ దించి, తర్వాత మీటరు పెట్టాడు. 12.6 వోల్టులు. పూర్తి ఛార్జ్‌లో ఉన్న మంచి బ్యాటరీ చూపించాల్సింది అంతే. 12.2 దగ్గర ఉంటే సగం ఖాళీ అన్నమాట, 12కి దిగితే ఇంకా కిందికి. కానీ ఊరికే ఉన్నప్పుడు వోల్టేజీ బాగున్నంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్టు కాదని, లోడ్ టెస్టర్ పెట్టి కొన్ని సెకన్లు బరువు వేసి చూశాడు. మూతలు తీసి, యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటరుతో ఆరు సెల్సూ చూశాడు. అన్నీ 1.250 చుట్టుపక్కలే ఉన్నాయి. ఏ ఒక్క సెల్లయినా మిగతావాటికంటే బాగా కిందికి దిగి ఉంటే ఆ బ్యాటరీ మీద ఆశ వదులుకోవాల్సిందేనట. "బ్యాటరీకి ఢోకా లేదు, ముట్టుకోకు" అన్నాడు. ఏడున్నర వేలు అక్కడే మిగిలాయి.

తర్వాత ఇంజను స్టార్ట్ చేయించి ఛార్జింగ్ చూశాడు. 14.2. లైట్లు, ఏసీ వేస్తే 13.9. డైనమో బాగుంది, బెల్టు మాత్రం పగుళ్లిచ్చింది, మార్చుకోమన్నాడు. కెమెరా బ్యాటరీలు ఛార్జ్ చేసుకోవడానికి నేను వెనక సీటు కింద ఒక ఇన్వర్టర్ పెట్టించుకున్నాను. అది చూసి మొహం చిట్లించి, బండి ఆపేసి కరెంటు ఎంత కారుతోందో కొలిచాడు. ఇన్వర్టర్ ఆఫ్‌లో ఉంటే 40 మిల్లీయాంపియర్లు, పర్వాలేదు. ఆన్‌లో ఊరికే వదిలేస్తే 0.4 యాంపియర్లు. పది గంటలు అలా ఉంటే 4 యాంపియర్ అవర్స్ పోయినట్టే. ఒక్క రాత్రికి బండి ఆగిపోదు కానీ పెళ్లిళ్లు లేని ఆషాఢంలో వారాల తరబడి షెడ్డులో ఉంటే పడుకుంటుంది. దానికి వేరే స్విచ్చు పెట్టించుకోమన్నాడు. అది నా జబ్బుకి సంబంధించినది కాకపోయినా చూసి చెప్పాడు, డబ్బులు అడగలేదు.

ఇక అసలు పరీక్ష. ఇంజను అందుకోకుండా డీజిల్ పంపు మీద, డీజిల్‌ని వదిలే, ఆపే స్టాపర్ సోలినాయిడ్ వైరు పీకించాడు. అప్పుడు సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా ఇంజను స్టార్ట్ కాదు, కొలుచుకోవడానికి తీరిక దొరుకుతుంది. తీరికంటే మరీ ఎక్కువ కాదు, పది సెకన్లు దాటనివ్వలేదు, మధ్యలో మోటారు చల్లారనిచ్చాడు. ఒక కుర్రాడు తాళం దగ్గర, ఇంకొకడు బండి కింద. మీటరు బాబాయ్ చేతిలో.

సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ పోస్టుల మీద 10.6 వోల్టులు. ఇది చక్కటి రీడింగు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే అప్పుడు బ్యాటరీని అనుమానించాలి. నాదాంట్లో బ్యాటరీ పది పైన నిలబడే ఉంది, అయినా మోటారు మూలుగుతోంది. అదే మీటరు తీసుకెళ్లి సెల్ఫ్ మోటారు దగ్గర, దాని పెద్ద బోల్టుకీ దాని బాడీకీ పెడితే 8.1. బ్యాటరీ దగ్గర బయల్దేరిన 10.6లో మోటారుకి చేరింది 8.1. మధ్యలో రెండున్నర వోల్టులు ఎక్కడో మాయమవుతున్నాయి.

నా పనిలో ఇది రోజూ చూసేదే. మండపానికి దూరంగా ఉన్న ప్లగ్గు నుంచి సన్నటి వైరు లాగి వెయ్యి వాట్ల లైటు పెడితే లైటు ఎర్రగా వెలుగుతుంది, వైరు వేడెక్కుతుంది. లైటు మంచిదే, కరెంటూ ఉంది, దారే సన్నబడింది. బండి విషయంలో మాత్రం ఈ ఆలోచన నాతో సహా ఎవరికీ రాదు, చూపు బ్యాటరీ మీదికో మోటారు మీదికో పోతుంది.

పోయిన రెండున్నర ఎక్కడ పోయిందో వెతకడానికి ఆయన పాటించిన పద్ధతి ఇది. ఎర్ర ప్రోబు బ్యాటరీ ప్లస్ పోస్టు మీద, నల్ల ప్రోబు సెల్ఫ్ మోటారు పెద్ద బోల్టు మీద. అంటే ఒకే వైరుకి రెండు చివర్లా మీటరు. వైరు బాగుంటే సున్నాకి దగ్గరగా ఉండాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు 0.7 చూపించింది. అర వోల్టు దాటితే ఒప్పుకోకూడదన్నాడు. తర్వాత ఎర్త్ వైపు, అంటే మోటారు నుంచి కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి. ఒక ప్రోబు మోటారు బాడీ మీద, ఇంకోటి బ్యాటరీ మైనస్ పోస్టు మీద. క్లిప్పు మీద కాదు, సీసం పోస్టు మీదే, ఎందుకంటే క్లిప్పుకీ పోస్టుకీ మధ్య కూడా వోల్టులు పోతాయి. అక్కడ 1.8 చూపించింది. ఎర్త్ వైపు 0.2 దాటకూడదట. ప్లస్ వైపు 0.7, ఎర్త్ వైపు 1.8, కలిపితే మాయమైన రెండున్నర. లెక్క అణా పైసలతో సహా సరిపోయింది. ఇది చూసినప్పుడు నాకు నిజంగా సంతోషమేసింది, బండి బాగుపడకముందే.

ఇక్కడ ఒక మాట. ఇంట్లో మల్టీమీటరు ఉన్నవాళ్లు చాలామంది వైరుని ఓమ్స్‌లో పెట్టి, బీప్ వచ్చింది కాబట్టి వైరు బాగుంది అనుకుంటారు. నా బండి ఎర్త్ దారిలో ఉన్న అడ్డు ఓమ్‌లో వందో వంతు కూడా నిండా లేదు. ఏ మామూలు మీటరూ దాన్ని పట్టుకోలేదు, బీప్ నిక్షేపంలా వస్తుంది. కానీ దాని గుండా 190 యాంపియర్లు పోతే 1.8 వోల్టులు తినేస్తుంది. అందుకే బరువు మీద ఉన్నప్పుడే కొలవాలి.

190 అని ఎలా తెలిసిందంటే, టాంగ్ టెస్టర్ వేశాడు. మెయిన్ వైరు చుట్టూ దవడ బిగించి చూసేది. ఇళ్ల వైరింగు వాళ్ల దగ్గరుండే చౌక టాంగ్ టెస్టర్లలో చాలావాటికి ఏసీ కరెంటే తెలుస్తుంది, బండికి డీసీ కొలిచేదే కావాలి. కొనుక్కునేవాళ్లు అది చూసుకుని కొనండి. ఈ యాంపియర్ల సంగతి నాకు బాగా అర్థమవడానికి కారణం నా బండి కాదు, పక్కనున్న ఒక బొలెరో.

ఆ బొలెరోది కూడా ఇదే ఫిర్యాదు, సెల్ఫ్ నిదానం. శబ్దం వింటే నా బండిదీ దానిదీ ఒకటే అనిపించింది. దానికి టాంగ్ టెస్టర్ వేస్తే 420 యాంపియర్లు. బ్యాటరీ 8.9కి కుంగిపోతోంది. ఎర్త్ వైపు 0.2 మాత్రమే. బాబాయ్ మోటారు విప్పమన్నాడు. విప్పితే ఇరుసుని పట్టి ఉంచే బుష్షులు అరిగిపోయి, ఆర్మేచర్ పక్కకి వాలి చుట్టూ ఉన్న కదలని ఇనుప ముక్కలకి, అంటే పోల్ షూలకి, రాసుకుంటోంది. రాసుకున్నచోట ఇనుము మెరుస్తోంది, చూపించాడు. మోటారు ఇంజనుని తిప్పడంతో పాటు తన రాపిడితోనే కుస్తీ పడుతోంది, అందుకే అంత కరెంటు తాగుతోంది. బుష్షులు, ఆర్మేచర్‌కి కరెంటు అందించే కార్బన్లు వేసి, ఆ కార్బన్లు ఆనే కమ్యుటేటర్ లేత్‌లో శుభ్రం చేయించి బిగించేస్తే చాలన్నాడు, కొత్త మోటారు మాట ఎత్తలేదు.

నిదానంగా తిరుగుతూ కరెంటు తక్కువ తీసుకుంటుంటే దారిలో అడ్డు ఉంది, లేదా మోటారులో కార్బన్లు అరిగి సరిగ్గా ఆనడం లేదు. నిదానంగా తిరుగుతూ కరెంటు విపరీతంగా తాగుతుంటే మోటారు లోపల రాపిడో, కాయిల్ షార్టో, లేకపోతే ఇంజనే బిగుసుకుందో చూడాలి. ఇంజను సంగతి తేలాలంటే క్రాంక్ పుల్లీ నట్టుకి స్పానర్ వేసి చేత్తో తిప్పి చూడటమే. మామూలు డీజిల్ ఇంజనుకి 200 నుంచి 300 చిల్లర యాంపియర్లు సహజం. నాది 190. శబ్దం ఒకటే, జబ్బులు పూర్తిగా ఎదురెదురు. చెవితో విని మోటారు మార్చమన్న మెకానిక్ నాకు ఆ క్షణంలో గుర్తొచ్చాడు. కొత్త మోటారు వేసినా నా బండి అలాగే మూలిగేది.

నా బండి దగ్గరికి వద్దాం. ఎర్త్ దారిని మళ్లీ ముక్కలుగా కొలిచాడు. పోస్టుకీ క్లిప్పుకీ మధ్య ఏమీ లేనట్టే. క్లిప్పు నుంచి ఛాసీ వరకు కొద్దిగా. ఛాసీ నుంచి ఇంజనుకి 1.6. నా బండిలో మైనస్ కేబుల్ ఛాసీకి వచ్చి, అక్కడి నుంచి రాగి తీగలు అల్లిన ఒక పట్టీ ఇంజనుకి పోతుంది. క్లచ్ పని చేసినప్పుడు గేర్‌బాక్స్ దించడానికి ఆ పట్టీ విప్పారు. తిరిగి బిగించేటప్పుడు పాత బోల్టు దొరకలేదేమో, పెయింటు ఉన్నచోట వేరే బోల్టుతో బిగించారు. పైగా పట్టీలో సగం తీగలు తెగి ఉన్నాయి. కరెంటు పెయింటు మీద నడవదు కదా, దొరికిన దారిన పోతుంది. ఆ దొరికిన దారుల్లో ఒకటి యాక్సిలరేటర్ కేబుల్. దాని లోపలి ఉక్కు తీగ గుండా ఎర్త్ కరెంటు పోయి వేడెక్కి, లోపలి ప్లాస్టిక్ గొట్టం కరిగి బిగుసుకుంది. మొదటి అయిదు నిమిషాల్లో ఆయన ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో అప్పుడు చెప్పాడు. ఇంకొన్నాళ్లు అలాగే నడిపి ఉంటే కేబుల్ మధ్యలో ఇరుక్కుని, కాలు తీసినా యాక్సిలరేటర్ వదలకుండా ఉండేదట. ఆ మాటకి మాత్రం నిజంగా టెన్షన్ వచ్చింది.

నమ్మకం కుదరడానికి ఆయన చేసి చూపించిన చిన్న పరీక్ష మీరూ చేసుకోవచ్చు, మీటరు కూడా అక్కర్లేదు. లావుపాటి జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, ఇంకో కొస సరాసరి ఇంజను మీద పెయింటు లేని ఇనుముకి పట్టించి సెల్ఫ్ కొట్టడమే. బెల్టుకి, ఫ్యానుకి దూరంగా. నా బండి ఆ దెబ్బకి ఒక్కసారిగా చురుగ్గా తిరిగింది. చుట్టూ ఉన్న కుర్రాళ్లు కూడా నవ్వారు.

ప్లస్ వైపు పోయిన 0.7 కోసం మెయిన్ కేబుల్ విప్పాడు. పైకి చూస్తే నల్లటి రబ్బరు కొత్తదానిలా ఉంది. మోటారు వైపు, వైరు చివర బోల్టుకి బిగించే లగ్గు దగ్గర కత్తితో తొక్క కోస్తే లోపల రాగి తీగలన్నీ చిలుముపట్టి పచ్చగా, కొంత దూరం నల్లగా మాడిపోయి ఉన్నాయి. మొత్తం కేబుల్ తీసేసి లావుపాటి కొత్త రాగి కేబుల్ కోసి, రెండు చివర్లా లగ్గులు ప్రెస్సులో వేసి నొక్కించాడు. సుత్తితో కొట్టి నొక్కే బాపతు కాదు. ఎర్త్‌కి పాత పట్టీ బదులు అదే కేబుల్‌తో ఛాసీ నుంచి ఇంజనుకి ఒకటి, బ్యాటరీ మైనస్ నుంచి సరాసరి ఇంజనుకి ఇంకొకటి వేశాడు. బోల్టు కూర్చునేచోట ఎమరీ పేపరుతో ఇనుము మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన గ్రీజు పూశాడు. ముందు గ్రీజు పూసి తర్వాత బిగించబోయిన కుర్రాడికి తిట్లు పడ్డాయి.

తర్వాత మళ్లీ అవే రీడింగులు, నేను అడగకుండానే. మోటారు దగ్గర 9.9. ప్లస్ వైపు 0.2, ఎర్త్ వైపు 0.1. కరెంటు 260 యాంపియర్లు. బ్యాటరీ పోస్టుల మీద 10.2. అంటే బాగుపడ్డాక బ్యాటరీ వోల్టేజీ ఇదివరకటి కంటే తగ్గింది. అదేమిటి బాబాయ్ అంటే, "ఇన్నాళ్లూ మోటారుకి సరిగ్గా కరెంటే పోలేదు, బ్యాటరీకి పనేముంది? ఇప్పుడు చేస్తోంది" అన్నాడు.

బిల్లు. కేబుళ్లు, లగ్గులు కలిపి 1,150. పరీక్షలకి, బిగింపుకి 700. యాక్సిలరేటర్ కేబుల్ బయట నుంచి తెప్పించి వేశారు, దాని ధర వేరే, దుకాణం రసీదు నా చేతికిచ్చారు. పరీక్షకి డబ్బులు తీసుకోవడం మీద కొందరికి అభ్యంతరం ఉన్నట్టుంది, నేనుండగానే ఒకాయన "చూసినందుకు కూడా డబ్బులా" అని గొణిగాడు. నాకైతే అదే సరైన పద్ధతి అనిపించింది. చూడటానికి డబ్బులు తీసుకోనివాడు ఏదో ఒకటి అమ్మి ఆ డబ్బులు రాబట్టుకోవాలి కదా.

ఇప్పుడు లోపాలు, అవీ తక్కువేం లేవు.

కూర్చోడానికి చోటు లేదు. పాత లారీ టైరు మీద కూర్చున్నాను, ప్యాంటు పాడైంది. తాగడానికి నీళ్ల బాటిల్ మీరే తెచ్చుకోండి. ఫోన్ చేస్తే ఎత్తరు, ఎత్తినా "వచ్చేయ్" అనడమే. వచ్చేశాక మన ముందు ఎన్ని బండ్లుంటే అన్నీ అయ్యేదాకా ఆగాలి, మధ్యలో తెలిసిన లారీ వాళ్లొస్తే వాళ్లది ముందు చూస్తాడు. దీని మీద నాకు కోపమొచ్చింది, చెప్పాను కూడా. "లారీ రోడ్డు మీద ఆగితే లోడు కుళ్లిపోద్ది అబ్బాయ్, నీది ఆగితే నువ్వు టీ తాగుతావ్" అన్నాడు. న్యాయమే అనుకోండి, కానీ ముందు చెప్పొచ్చు కదా. మధ్యాహ్నం భోజనానికి వెళ్తే ఎప్పుడొస్తాడో కుర్రాళ్లకి కూడా తెలియదు.

సరైన బిల్లు లేదు. చిన్న కాయితం మీద అంకెలు రాసి ఇస్తాడు. జీఎస్టీ బిల్లు కావాల్సినవాళ్లు, ఆఫీసు బండ్లు ఉన్నవాళ్లు ముందే అడిగి చూసుకోండి. ఫోన్‌లో డబ్బులు పంపడం పర్వాలేదు, స్కానర్ అంటించి ఉంది.

కుర్రాళ్ల పని మీద ఒక కన్నేసి ఉంచాలి. నా ప్లస్ టెర్మినల్ మీది ఎర్ర రబ్బరు టోపీ పెట్టకుండానే బానెట్ వేసేశారు. నేను చూసి అడిగితే వెతికి పెట్టారు. ప్లస్ టెర్మినల్ బోసిగా వదిలేస్తే స్పానర్ జారిపడ్డ రోజున మంటలే. బాబాయ్ కొలిచేటప్పుడు చూపే శ్రద్ధ బండి అప్పగించేటప్పుడు లేదు.

కొత్త బండ్ల సంగతి చెప్తానన్నాను. స్టార్ట్ స్టాప్ ఉన్నవి, తాళం బదులు బటన్ ఉన్నవి, బ్యాటరీ మైనస్ మీద సెన్సర్ ఉన్నవి ఆయన చెయ్యడు. బండి కంప్యూటర్ని చదివే స్కానర్ యంత్రం లేదు, పెట్టుకునే ఉద్దేశమూ లేదు. నేనున్నప్పుడు ఒక కొత్త కారువాళ్లు వస్తే చూడకుండానే కంపెనీకి తీసుకెళ్లమన్నాడు. క్వాలిస్, సుమో, బొలెరో, పాత మారుతీలు, అంబాసిడర్లు, ట్రాక్టర్లు, లారీలు అయితే నిస్సందేహంగా వెళ్లొచ్చు. నా వరకు ఐదుకి నాలుగు ఇస్తాను, ఒకటి తగ్గించింది ఆ టైరు మీద కూర్చోబెట్టినందుకూ, టోపీకీ కలిపి.

సెల్ఫ్ నీరసం మీద ఎక్కడ చదివినా చలికాలం, గడ్డకట్టిన ఇంజన్ ఆయిల్ అని రాస్తారు. మంచు దేశాల్లో అది నిజం. మన గుడివాడ, బందరు వైపు సంక్రాంతి తెల్లవారుజామున కూడా ఆయిల్ చిక్కబడి సెల్ఫ్ ఆగేంత చలి ఉండదు. కంపెనీ చెప్పిన గ్రేడు పోస్తుంటే చాలు. మనకి శత్రువు ఎండ. బ్యాటరీలు మనవైపు త్వరగా పోయేది మే నెల వేడికి, బానెట్ కింద ఉడికి. ఇంకోటి ఉప్పు గాలి, తేమ. నా కేబుల్ లోపల చిలుము అలా పట్టిందేనని బాబాయ్ అభిప్రాయం. సముద్రానికి దగ్గరగా బండి పెట్టేవాళ్లు కేబుల్ తొక్క పైకి నిగనిగలాడుతోందని నమ్మకండి, లగ్గు దగ్గర వంచి చూడండి, గట్టిగా కరకరలాడితే లోపల పోయినట్టే.

వెళ్లదలచుకున్నవాళ్లు ఉదయం తొమ్మిదింటికల్లా అక్కడ ఉండండి, పదకొండు దాటితే లోపలి రోడ్లలో లారీలు అడ్డం పెట్టేస్తారు, మన బండి వెనక్కి తీయడానికే గంట పడుతుంది. ఈమధ్య ఏ పని చేయించారో, ఎవరు ఏ వైరు విప్పారో గుర్తుచేసుకుని వెళ్లండి, మొదట్లోనే అడుగుతాడు. బ్యాటరీ వారంటీ కార్డు బండిలోనే ఉంచుకోండి. పెళ్లిళ్ల సీజనులో వెళ్తే మాత్రం నాలాంటి వీడియోవాళ్ల బండ్లే వరసగా ఉంటాయి, ఒక రోజు మొత్తం కేటాయించుకోవాల్సిందే.